పోయిండు కాదు, పోయింది

ఆపా పోయిన సంగతి నాకు రెండుసార్లు తెలిసింది. మొదట ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "చెల్లే, ఆపా పోయింది" అన్నాడు. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. డెంగీ జ్వరమని కాగజ్‌నగర్ నుంచి మంచిర్యాలకు తీసుకుపోయారు. తన కాళ్ళతో నడిచి ఆటో ఎక్కిన మనిషి, తిరిగి ఇంటికి నడిచి రాలేదు.

రెండోసారి, ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్ళ గ్రూపులో చూశాను. "ఏ-పీ-ఏ అన్న ఇక లేడు. మన లెజెండ్ వెళ్ళిపోయాడు." కింద నలుపు తెలుపు ఫొటో. ఫొటోలో ఉన్నది ఆపా కాదు. కాసేపటి కిందట నాతో ఫోన్లో ఏడ్చిన ఆమె తమ్ముడు.

ఆపా ఎవరో మీలో చాలామందికి తెలియదు. తెలుసనుకునేవాళ్ళకు తప్పుగా తెలుసు. నెమ్మదిగా, మర్యాదగా రాయాలనే కూర్చున్నాను. మర్యాద ఎంతదూరం వస్తుందో చూడాలి.

కాగజ్‌నగర్ మార్కెట్ వెనక సందులో వాళ్ళ నాన్న పెట్టిన వీడియో గేమ్ దుకాణం ఉండేది. ఆయన తర్వాత ఆపా నడిపింది. బిళ్ళ వేస్తే ఆడే పాత పెద్ద మిషన్ ఒకటి, టీవీలకు తగిలించి ఆడేవి కొన్ని. పక్కనే తమ్ముడి సెల్‌ఫోన్ రిపేర్ కొట్టు. పేపరు మిల్లు మూతపడి మా బాపు పని పోయిన రోజుల్లో, మా అవ్వ, అంటే అమ్మ, ఎదురుగా ఉన్న బట్టల దుకాణంలో పనికి కుదిరింది. బడి వదిలాక అవ్వ పని అయ్యేదాకా నేను ఎక్కడైనా కూర్చోవాలి. అట్లా కాన్వెంట్ యూనిఫాంతో, ఒళ్ళో కథల పుస్తకంతో, కొట్టుకునే బొమ్మల మధ్య ఒక మూల స్టూలు మీద చేరాను.

"ఏం సిస్టరమ్మా, పుస్తకంల ఎవడన్న సచ్చిండా? గట్ల మొకం పెట్టినవ్" అన్నది ఆపా. ఆమె నాతో అన్న మొదటి మాట అదే. అప్పటినుంచి ఆమెకు నేను సిస్టరమ్మనే.

ఆ మిషన్ ముందు ఇద్దరు కూర్చుంటే ఇద్దరు బొమ్మ మనుషులు తెర మీద ఎదురెదురుగా నిలబడి తన్నుకుంటారు. గెలిచినవాడు కూర్చునే ఉంటాడు, ఓడినవాడు లేస్తాడు. పిల్లలందరూ గాల్లోకి ఎగిరేవాళ్ళను, నిప్పులు విసిరేవాళ్ళను ఎంచుకునేవాళ్ళు. ఆపా మాత్రం అందరికంటే నిదానంగా నడిచే లావుపాటి పహిల్వాన్‌ను ఎంచుకునేది. వాడిని "మా మామూ" అనేది. మామూ ముందు దెబ్బలన్నీ ఆపేవాడు. ఎదుటివాడు అలసిపోయి, ఒక తప్పు చేసేదాకా ఆపుతూనే ఉండేవాడు. ఆ తర్వాత ఒక్కసారి పట్టుకునేవాడు. అంతే.

"ఆపా అంటే ఆపుడే" అని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె వింటూ అరిగిపోయిన బటన్లను గుడ్డతో తుడుచుకునేది.

నాకు ఆమె దెబ్బ కొట్టడం ముందు నేర్పలేదు. బొమ్మను నడిపే కర్రను వెనక్కి పట్టుకుంటే దెబ్బ ఆగుతుంది, అది నేర్పింది. నేను భయపడి ముందుకూ వెనక్కీ ఊపుతుంటే నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఎన్కకు పట్టుకో. గట్టిగ పట్టుకో. ఎన్కకు పట్టుకునుడంటే పారిపోవుడు గాదు, సిస్టరమ్మా. పారిపోయేటోడు మల్ల తిరిగి సూస్తడా? నువ్వు సూస్తున్నవ్."

క్లాసులో జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తని పిల్లను నేను. నన్ను 'జర మాట్లాడు' అనని పెద్దమనిషి ఆ రోజుల్లో ఆమె ఒక్కతే.

మిషన్‌లో ఎక్కువ పాయింట్లు వస్తే పేరు రాసుకోనిస్తుంది. మూడే అక్షరాలు, అవీ ఇంగ్లీషువి. ఆపా ఏ, పీ, ఏ అని పెట్టుకున్నది. ఆపా. మా సందులో దాన్ని ఎవరూ అక్షరాలుగా విడదీసి చదవలేదు. చదవవలసిన పని ఏముంది? ముసలివాళ్ళు తప్ప అందరూ ఆమెను అట్లాగే, ఉర్దూలో అక్క అని, పిలిచేవాళ్ళు. అయితే ఆ మిషన్‌కు ఒక జబ్బు. కరెంట్ పోతే పేర్లన్నీ పోతాయి. మళ్ళీ వచ్చేసరికి కంపెనీవాళ్ళు పెట్టిన ఎవరెవరివో పేర్లు పైన కూర్చుంటాయి. మా ఊళ్ళో కరెంట్ సంగతి మీకు తెలిసిందే. అందుకని ఆపా దుకాణం తెరవగానే, ఊడ్చి, ఊదుబత్తి వెలిగించి, మొదట తానే కూర్చొని ఆడి, తన మూడు అక్షరాలను పైన పెట్టి అప్పుడు గిరాకీని రానిచ్చేది.

ఒకరోజు నేను తెలుగు వ్యాకరణం చదువుకుంటున్నాను. ఆమె ఉర్దూ మీడియంలో చదివింది. నా పుస్తకంలోకి తొంగిచూసింది.

"మగోడు వోతే పోయిండు. ఆడిది వోతే?"

"పోయింది."

అప్పుడే కరెంట్ పోయింది. మిషన్ తెర చీకటైపోయింది. ఆమె చీకటిలోనే అడిగింది. "మరి గిదేమైంది?"

"పోయింది" అన్నాను.

పకపకా నవ్వింది. "వారెవ్వా, మంచిగున్నది మీ తెలుగు! నేనూ కరెంటూ ఒక్కటే అన్నట్టు. ఫికర్ నక్కో, రంది వెట్టుకోకు, కరెంటైతే మల్ల వస్తది."

నేను హైదరాబాద్‌లో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నప్పుడు ఆపా అక్కడ ఏటా జరిగే పెద్ద పోటీకి వచ్చింది. దేశం నలుమూలల నుంచీ ఆడేవాళ్ళు వస్తారు. ఎవరి ఆట పెట్టె వాళ్ళు తెచ్చుకోవాలి. ఆపాది మా సందులోని వడ్రంగి టేకు చెక్కతో చేసిచ్చిన పెట్టె, మీద కర్రా బటన్లూ. తమ్ముడు మోసుకొచ్చాడు. హాస్టల్ నుంచి నేనూ వెళ్ళాను. పేర్లు రాసుకునే టేబుల్ దగ్గరి అబ్బాయి ఆటగాళ్ళకు కట్టే పట్టీని తమ్ముడి చేతికి కట్టబోయాడు.

"బాబూ, పట్టీ వానికెందుకు? వానికి ఫోన్ల స్క్రూలు విప్పుడు తప్ప ఏం రాదు. గిటు కట్టు" అని ఆపా చెయ్యి చాపింది.

"ఆంటీ, చూసేవాళ్ళకు కుర్చీలు అటువైపు ఉన్నాయండీ" అన్నాడు అతను, చాలా వినయంగా.

ఆ పోటీలో ఒక పద్ధతి ఉంది. ఒకసారి ఓడితే కింది వరసకు పడతారు. అక్కడ గెలుస్తూ మళ్ళీ పైకి రావచ్చు. రెండోసారి ఓడితే ఇంటికే. ఆపా మొదట్లోనే ఒకటి ఓడిపోయింది.  ఆమె చున్నీ సర్దుకొని "ఇంకోటి ఉన్నది గదా" అన్నది. ఆ తర్వాత కింది వరసంతా మామూ చేతిలో అయిపోయింది. ఆట అయ్యాక పిడికిలికి పిడికిలి తాకించడం వాళ్ళ మర్యాద. ఓడిన ఒక అబ్బాయి లేచి, ఆపాను దాటి, వెనక నిలబడ్డ తమ్ముడికి పిడికిలి తాకించి పోయాడు. ఆపా చాపిన పిడికిలి అట్లాగే గాల్లో ఉండిపోయింది. దాన్ని చూసుకొని, మెల్లగా విప్పి, నీళ్ళ సీసా అందుకున్నది.

ఆమె మూడో స్థానంలో నిలిచింది. బహుమతికి పిలిచారు. "ఏ-పీ-ఏ! ఏ-పీ-ఏ!" అని అక్షరాలు విడదీసి. ఆపా నా పక్కనే కూర్చొని చప్పట్లు కొడుతున్నది, ఎవరినో పిలుస్తున్నారనుకొని. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ అట్లా పిలవలేదు మరి. ముందుగా అర్థమైంది తమ్ముడికి. చెప్పడానికి పెట్టె చంకన పెట్టుకొని స్టేజీ మీదికి పరుగెత్తాడు. వాళ్ళు అతన్ని నడుమ నిలబెట్టి, మెడలో పతకం వేసి, ఫొటో తీసి పంపించారు. అతను నోరు తెరిచి ఏదో చెబుతున్నట్టు ఉంటుంది ఆ ఫొటోలో. నవ్వుతున్నాడనుకున్నారు.

హైదరాబాద్! సగం ఇళ్ళల్లో పొద్దున లేస్తే అక్కను ఆపా అని పిలిచే ఊరు. ఆ హాలులో ఒక్కరికైనా ఆ మూడక్షరాలు కలిపి చదవబుద్ధి కాలేదు.

ఇంటికి పోయాక ఆమె గ్రూపులో రాసింది. మూడో స్థానం నాది, నేను ఆడమనిషిని, ఫొటో నా తమ్ముడిది అని. ప్రూఫ్ ఏది అని అడిగారు. వీడియో ఆన్ చేసి ఆడి చూపించమన్నారు. పక్కన ఎవరూ లేరని గది మొత్తం తిప్పి చూపించమన్నారు. సెలవులకు వచ్చి పక్కనే కూర్చున్న నాకు చూపించి, ఆపా ఫోన్ బోర్లా పెట్టింది.

"నేను నేనే అని గవాహి తేవాల్నంట, సిస్టరమ్మా. ఓడిపోయినోన్ని మాత్రం ఎవ్వడు అడుగడు, నువ్వేనా ఓడింది అని."

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దుకాణంలోంచే ఆన్‌లైన్లో ఆడేది. ఎందరో పిల్లలు "అన్నా, ఈ దెబ్బ ఎట్లా ఆపాలి" అని రాసేవాళ్ళు. అందరికీ ఓపికగా జవాబు ఇచ్చేది. నాకు ఒళ్ళు మండేది. "పిలువనీ తియ్యి. ఎవరు కొట్టిన్రో తెల్వకుంటే దెబ్బ తక్కువైతదా?" అనేది. కానీ పొద్దున్నే ఊదుబత్తి వెలిగించాక ఆ మూడక్షరాలు పెట్టడం ఒక్కరోజు కూడా మానలేదు. పట్టింపు లేని మనిషి చేసే పనా అది?

ఇప్పుడు ఆ ఫొటోకు నల్ల అంచు వేశారు. మస్కట్‌లో ఉండే మేనమామ అది చూసి, మేనల్లుడు పోయాడని ఫోన్ చేసి గుండెలు బాదుకున్నాడు. బిడ్డను మట్టిచేసిన ఇంట్లో ఆ తల్లి, కొడుకు బతికే ఉన్నాడని ఊరూరికీ చెప్పుకోవలసి వచ్చింది. తమ్ముడు ఒకటే మాట అన్నాడు. "నన్ను సంపిన్రు చెల్లే. మా ఆపానైతే అసలు పుట్టనే ఇయ్యలే."

ఈ ఏటి పోటీని ఏ-పీ-ఏ అన్న స్మృతికి అంకితం చేస్తున్నామని ప్రకటించారు. మొదటి ఓటమి ఆ పతకం ఫొటో. ఇది రెండోది అయ్యేలా ఉంది. రెండోసారి ఓడితే ఇంటికే. ఆ తర్వాత కింది వరస లేదు.

నేను నిర్వాహకుడికి ఫోన్ చేశాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఫోన్లో మాట్లాడటం నాకు చేతకాదు. కాగితం మీద రాసుకొని చదివాను. తమ్ముడి ఫొటో తీసేస్తామన్నాడు. బదులుగా టోపీ, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక కుర్రాడి నల్లని నీడ బొమ్మ వేశారు. మళ్ళీ చేశాను.

"బ్యానర్ ప్రింట్ అయిపోయింది మేడమ్. అందరికీ అన్నగానే తెలుసు, ఇప్పుడు మారిస్తే కన్ఫ్యూజ్ అవుతారు. అయినా ఆటకు ఆడా మగా ఏముంది చెప్పండి?"

"ఏమీ లేకపోతే అన్న ఎందుకు రాశారు?" అన్నాను. ఇది కాగితం మీద లేదు. అవతల ఫోన్ పెట్టేశారు.

తమ్ముడూ నేనూ టేకు పెట్టె తీసుకొని రైలెక్కాం. హాలులో ఆ నీడ బొమ్మ మనిషికి రెట్టింపు ఎత్తున వేలాడుతున్నది. మైకులో "అన్న మనల్ని విడిచి వెళ్ళిపోయాడు" అని చెప్పి, కుటుంబం నుంచి తమ్ముడు మాట్లాడతాడు అన్నారు. అతను మైకు పట్టుకొని నోరు తెరిచాడు. ఆ ఫొటోలో ఉన్నట్టే ఉంది ముఖం.  మైకు నా చేతిలో పెట్టాడు.

మైకును గట్టిగా పట్టుకున్నాను. వెనక్కి పోలేదు.

"పోయిండు కాదు" అన్నాను. "పోయింది. అది ఏ-పీ-ఏ కాదు. ఆపా. కలిపి చదవండి. ఇక్కడ మూడో స్థానం గెలిచింది ఆమె. మీకు ఆపడం నేర్పింది ఆమె. మీరు ప్రూఫ్ అడిగింది ఆమెనే."

హాలులో ఎవరో "ఆపా?" అన్నారు. అటు ఇంకొకరు. తమ ఇంట్లో మాట తమకే కొత్తగా వినబడినట్టు. ఆట మళ్ళీ మొదలయ్యాక ఒక గడ్డం అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఆ ఏడు నేను ఆమెతో ఓడిపోయిన. ఆ రోజు పిడికిలి ఎవరికిచ్చిన నేను?"

"ఈయనకు" అన్నాను, తమ్ముడిని చూపించి. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. పర్వాలేదు అని నేను అనలేదు. అనడానికి ఆ మాట నాది కాదు.

బ్యానర్ మార్చలేదు. పోటీ వీడియో మొత్తం ఆన్‌లైన్లో పెట్టారు, నేను మాట్లాడిన ఆ కాసేపు తప్ప. ఆడియో సరిగా రాలేదట. ఆట శబ్దాలూ, చప్పట్లూ, ప్రకటనలూ అన్నీ బాగానే వచ్చాయి మరి.

వ్యాకరణం నాకు బాగా వచ్చునని బడిలో అనేవాళ్ళు. ఆడమనిషికీ వస్తువుకూ ఒకే క్రియ ఇచ్చిన భాష మనది. ఆపా దాన్ని చూసి నవ్వింది. కరెంట్‌తో పాలు పంచుకున్న ఆ ఒక్క 'పోయింది' కూడా ఆమెకు దక్కనివ్వలేదు.

నేనిప్పుడు కాగజ్‌నగర్‌లోనే ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. దుకాణం ఇప్పుడు తమ్ముడు తెరుస్తున్నాడు. బడికి పోయేముందు అక్కడ ఆగుతాను. మిషన్ మీద కంపెనీ పేర్లే ఉంటాయి. ఊదుబత్తి వెలిగించి, మామూను ఎంచుకొని, కూర్చుంటాను. ఆమె అంత బాగా నాకు రాదు. కొన్నిసార్లు సగంలో కరెంట్ పోతుంది. అది వచ్చేదాకా తమ్ముడూ నేనూ చీకట్లో ఊరికే కూర్చుంటాం.

పాయింట్లు దాటితే మిషన్ పేరు అడుగుతుంది. తెర మూలన అంకెలు తగ్గుతుంటాయి. సున్నా అయ్యేలోపు రాయాలి. మొదటి ఏ తనంతట తానే ఉంటుంది. కర్ర ముందుకు తోసుకుంటూ పోతే పీ వస్తుంది. చివరి ఏ కోసం పీ నుంచి వెనక్కి పట్టుకోవాలి. ఓ, ఎన్, ఎం, ఎల్... ఒక్కొక్క అక్షరం దాటిపోతుంటుంది. చెయ్యి వదలకుండా వెనక్కే పట్టుకొని, తెర వైపు చూస్తూ ఉంటాను.