హులిగెమ్మ సవతి

అసూయపడే ఆడవాళ్ళ గురించి ఎవరూ మంచి మాట చెప్పరు. నేను చెబుతాను. మా హులిగెమ్మ పెద్దమ్మ సగం జీవితం ఒక రాణిని చూసి కుళ్ళుకుంది. ఆ రాణి మధ్యాహ్నం పుట్టి పొద్దు గుంకేలోపు మాయమయ్యే మనిషి. అయినా పెద్దమ్మ కుళ్ళులో న్యాయం ఉందనే ఈనాటికీ నా వాదన. కాదన్నవాళ్ళు నాతో పోట్లాటకు రావచ్చు.

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. అటు పక్క ఆమె మొగుడు ఆదెప్ప మగ్గం, ఇటు పక్క మా నాన్న మగ్గం. రెండూ ఒకేసారి ఆడితే గోడ సున్నం రాలిపోతోందని మా అమ్మ విసుక్కునేది. కొన్నాళ్ళకు ఆ విసుగుకూ కరువొచ్చింది. ఆదోని బజారు నిండా మిల్లు చీరలు దిగాయి, తేలిక, చవక. మా వీధి చీరలు మడత విప్పకుండా అటకల మీదే ఉండిపోయాయి. ఆదోని తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి తీసి కర్నూలులో కలిపిన ఏడు అది. కర్నూలు రాజధాని అయిందని ఊరంతా సంబరపడుతుంటే మా వీధిలో మగ్గం గుంటల్లో పిల్లులు పిల్లల్ని పెట్టాయి.

నూలు కండెలు చుట్టడంలో వీధి మొత్తానికీ హులిగెమ్మదే అందెవేసిన చెయ్యి. ఏడేళ్ళ వయసు నుంచీ అదే పని కాబట్టి ఆ చేతికొక అలవాటు పడింది. కోపం వచ్చినా దిగులు వచ్చినా కొంగు కొస తీసి ఎడమ చూపుడువేలికి గట్టిగా చుట్టేది, విప్పేది, మళ్ళీ చుట్టేది. రాట్నం లేకున్నా నూలు చుడుతుందే అని మా అమ్మ నవ్వేది. ఆదెప్ప నవ్వేవాడు కాదు. ఊరికే చూసేవాడు. ఎందుకు చూస్తున్నాడో అప్పుడెవరికీ తెలియదు.

ఆదెప్ప సన్నని మనిషి. మీసం ఉంచడు. గొంతు బాగుంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో నాటకం కడితే ఆడవేషం ఆయనదే. అప్పట్లో మా వైపు ఆడవేషం కట్టేది మగవాళ్ళే. మగ్గం ఆగిపోయాక ఇంట్లో జరుగుబాటు కష్టమై, అటక మీది చీరలు మూట కట్టుకుని ఆదోనిలో బట్టల అంగడి నబీ సాబ్ దగ్గరికి పోయాడు. నబీ సాబ్ అంగట్లోనూ ఈగలే. అంగడి ఎదురుగా ఎవరో వదిలేసిన పత్తి గోదాము ఒకటి ఖాళీగా పడి ఉంది. సాబ్ చీరల మూట చూశాడు, గోదాము చూశాడు, ఆదెప్పను చూశాడు.

"చీర అటక మీద ఉంటే ఎవరు సూస్తారప్పా?" అన్నాడు. "నాటకంలో రాణికి కట్టి నడిపియ్యి. సంతకొచ్చిన ఆడోళ్ళు వాళ్ళే అడుగుతారు."

ఆ వీధి అంగళ్ళవాళ్ళందరినీ ఆయనే పోగుచేశాడు. నాటకమంటే రాత్రంతా ఆడేది. అట్లా వద్దు, సంత రోజు మధ్యాహ్నం ఆ గోదాములో మొదలుపెట్టి పొద్దుండగానే ముగించాలి, అప్పుడే జనం కొనుక్కుని ఊళ్ళకు పోగలరు అని పట్టుబట్టాడు. హార్మోనీ వాయించే సుంకన్న కొత్త కథ ఒకటి కట్టాడు. సవతి చెప్పుడు మాటలు విని రాజు పెద్దరాణిని అడవికి తోలేస్తాడు. పెద్దరాణి ఆదెప్ప. ఒంటి మీద మా వీధి చీర.

నాలుగు సంతలు గడిచేసరికి గోదాములో చోటు చాలలేదు. వాకిట్లో ఉగ్గాణి బజ్జీల పొయ్యిలు వెలిశాయి, గాజులవాళ్ళు బుట్టలు దించారు, జట్కాలు బారు తీరాయి. మూతపడ్డ అంగళ్ళు రెండు మళ్ళీ తలుపులు తెరిచాయి. నాటకం వదలగానే ఆడవాళ్ళు నబీ సాబ్ అంగట్లోకి దూరి రాణి కట్టిన చీర చూపించమనేవాళ్ళు. మా వీధిలో పిల్లులు గుంటలు ఖాళీ చేయాల్సి వచ్చింది. గోడ సున్నం మళ్ళీ రాలింది.

ఊరు బాగుపడింది. హులిగెమ్మకు ఏం మిగిలిందో చెబుతాను వినండి.

మగ్గం ఆగిన రోజుల్లో ఆదెప్ప ఆమెకొక మాట ఇచ్చాడు, మళ్ళీ పని దొరికితే మొదటి చీర నీకేనని. ఆమె రంగు కూడా చెప్పుకుంది, వంగపండు రంగు ఒళ్ళు, నిమ్మపండు రంగు అంచు. ఆ నూలు ఆమే చుట్టింది, పడుగుకు గంజి ఆమే పట్టించింది. చీర మగ్గం దిగిన రోజు ఆదెప్ప దాన్ని భద్రంగా మడిచి ఆదోనికి తీసుకుపోయాడు. రాణి కట్టుకుంది. సాయంత్రానికి అమ్ముడుపోయింది. తర్వాతి చీరా అంతే, ఆ తర్వాతిదీ అంతే.

నేతగాళ్ళ ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. అమ్మకానికి నేసిన చీర మడతను ఇంటి ఆడది విప్పకూడదు. ఒక్కసారి ఒంటికి చుట్టుకున్నా అది కట్టిన చీర, అంగడివాడు ముట్టడు. హులిగెమ్మ పుట్టి బుద్ధెరిగి ఆ మాట జవదాటలేదు, భుజాల దగ్గర అతుకులు వేసిన చీరతోనే కాలం గడిపింది. అట్లాంటిది ఆదెప్ప నడుముకు చుట్టుకుని, చెమట పట్టించి, నేల మీద పొర్లి ఏడ్చిన చీర మాత్రం అన్నిటికంటే ముందు అమ్ముడుపోతోంది. పెండ్లాం కడితే పాడైపోయే చీర మొగుడు కడితే పవిత్రమవుతుందా? నాకైతే ఒళ్ళు మండుతుంది. ఆమెకు మండిందంటే తప్పేముంది?

ఆదెప్ప సంత నుంచి వచ్చేటప్పుడు కళ్ళ చివర కాటుక మిగిలి ఉండేది. జుట్టులో మల్లెల వాసన. ఆమె వడ్డించేటప్పుడు తల తిప్పుకునేది. "మీ రాణెమ్మ తిన్యాదా?" అని అడిగేది. ఆయన పరధ్యానంగా తిని లేచేవాడు. నేనూ నాటకం చూడ్డానికి వస్తానని ఆమె ఒకసారి అంటే గాభరాపడ్డాడు.

"నువ్వు రాగూడదు. నువ్వు కనపడితే నాకు పద్యం మరిసిపోతాది."

ఆ మాటతో నిప్పు అంటుకుంది. పైగా నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఎగతాళి మొదలుపెట్టారు. మగవాడికి అంత ఆడతనం ఊరికే రాదు, ఎవతెనో దగ్గరుండి చూసి నేర్చుకున్నట్టుంది, ఆదోనిలో నీకొక చెల్లెలు ఉందేమో చూసుకో అన్నారు. హులిగెమ్మ నవ్వుతూనే కుండ ఎత్తుకుంది. ఇంటికొచ్చి కుండ దించి, వేలు తెల్లబడేదాకా కొంగు చుట్టింది. రాణి మీద ఉన్న కసి అంతా ఆ రాణికి నడక నేర్పిన ఆడదాని మీదికి మళ్ళింది. ఎవతె అది? ఎంత బాగుంటుంది? ఆయన కళ్ళు ఆర్పకుండా చూసేంత బాగుంటుందా? నన్నెప్పుడైనా అట్లా చూశాడా?

తర్వాతి సంతకు మొగుడు పోయిన బస్సు తర్వాతి బస్సు పట్టింది. ఆదోనిలో ఆమెకు తెలిసిన ఆడమనిషి నబీ సాబ్ భార్య వహీదా బీ ఒక్కతే. ఆమెను అడిగి, గోదాములో ఆడవాళ్ళ వైపు స్తంభం చాటున కూర్చుంది. రాణి ఎవరిని చూసి నవ్వుతుందో, ఏ ఆడది రాణిని చూసి మురిసిపోతుందో కనిపెట్టాలని ఆమె ఆలోచన.

తెర లేచింది. రాణి వచ్చింది. ఎడమ భుజం కొంచెం దించి నడిచింది. ఏళ్ళ తరబడి తడి నూలు మోసిన భుజం అట్లా దిగుతుంది. కంట్లో నీళ్ళు వస్తే ముక్కుపుడక తగలకుండా మణికట్టుతో తుడుచుకుంది. రాజు వెళ్ళగొట్టాక కొంగు కొస తీసి ఎడమ చూపుడువేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. గోదాములో ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు.

హులిగెమ్మ తన వేలు చూసుకుంది. దానికీ కొంగు చుట్టి ఉంది.

దొరికింది ఎవతె? తనే. సంతోషం కలగాలి కదా? కలగలేదు, కడుపు మండింది. తన భుజం, తన ఏడుపు, తన వేలు ఇంట్లో ఉంటే నూలు పని, ఇక్కడ ఉంటే రాణి. ఇంట్లో తనను చూసిందంతా పాఠం కోసమన్నమాట. పాఠం అయిపోగానే పుస్తకం మూసినట్టు లేచిపోయేవాడన్నమాట.

నాటకం వదిలాక నబీ సాబ్ అంగట్లో ఒక మూల నిలబడింది. జనం చీరల కోసం తోసుకుంటున్నారు. కోడుమూరు వైపు నుంచి వచ్చిన రైతు భార్య ఒకామె ఈమె వేలిని చూసి నవ్వింది.

"ఏమమ్మా, నాటకం సూస్తానే రాణి మాదిరి కొంగు సుట్టేది నేర్చుకున్యావే? నీకు రాదులే, దానికి ఆ ఆదెప్పే ఉండల్ల."

హులిగెమ్మ కొంగు విప్పేసి గుమ్మం దాటింది. మొగుడికి కనపడకుండా బస్సెక్కింది. ఆ రోజు నుంచీ ఆయన ఎదురుగా ఉంటే ఎడమ వేలిని పిడికిట్లో దాచుకునేది, భుజం నిటారుగా పెట్టి నడిచేది. మా అమ్మకు ఒక్కదానికే చెప్పింది, ఇంక ఆయనకు నా దగ్గర నుంచి ఒక్క పోచ కూడా పోనివ్వనని. నాలుగు నెలలు అట్లా గడిపింది. భుజం నొప్పి పుట్టి రాత్రిళ్ళు నూనె రాయించుకునేది కానీ పంతం వదల్లేదు.

ఉగాది ముందరి సంతకు ఆదెప్ప మళ్ళీ వంగపండు రంగు చీరే నేశాడు, అంగట్లో అడుగుతున్నారని. కొంగు కుచ్చులు ముడేసే పని ఆమెది. ఒకరోజు ముందే ఆయన ఆదోనికి పోతూ, కుచ్చులు ముగించి చీర తెచ్చి ఇమ్మన్నాడు, తెర వెనక ఇచ్చి పొమ్మన్నాడు.

ఆమె కుచ్చులు ముగించింది. స్నానం చేసింది. మా అమ్మ చూస్తుండగానే మడత విప్పింది. హులిగెమ్మ ఆ చీర కట్టుకుని, అతుకుల చీరను గుడ్డలో మూట కట్టి బస్సెక్కింది.

తెర వెనక ఆదెప్ప ముఖానికి రంగు వేసుకుని, గాజులు తొడుక్కుని, లంగాతో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. మడత విప్పినందుకు తిట్లు తప్పవనుకుంది. ఆయన తిట్టలేదు. అడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూశాడు. ఆ చూపుకు ఆమె పిడికిలి విడిపోయింది, వేలు కొంగులోకి పోయింది.

"మే, ఆ వేలు ఇంకొగసారి సుట్టు. నిదానంగా," అన్నాడు.

నాలుగు నెలల పంతం అక్కడ తెగింది. "ఏమయ్యా, సరిగ్గ సూసి సెప్పు. నేను బాగుండానా, నీ రాణి బాగుంటాదా?"

ఆదెప్ప అబద్ధం తెలియని మనిషి. చెప్పేముందు ఆలోచించాడు. ఆలోచించిన పాపానికి అతుకుల చీర మూట వచ్చి ఆయన రొమ్ముకు తగిలింది. అవతల సుంకన్న హార్మోనీ అందుకున్నాడు. వేరే చీర లేదు. పెద్దరాణి ఆ రోజు అతుకుల చీరలోనే అడవికి పోయింది.

హులిగెమ్మ ఈసారి స్తంభం చాటుకు పోలేదు. వహీదా బీ పక్కన ముందు వరసలో కూర్చుంది. రాణి అడవిలో మోకాళ్ళ మీద కూలబడి, రాజును నిలదీసే పద్యం ఎత్తుకోవడానికి తలెత్తింది. ఎదురుగా వంగపండు రంగు చీర. రాణి నోరు తెరిచింది, పద్యం రాలేదు. సుంకన్న ఆ శ్రుతిని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వాయించాడు. రాణి చూస్తూనే ఉంది. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని జనం అంతకు ముందెన్నడూ లేనంతగా ఏడ్చారు. ఏడవనిది ఒక్క హులిగెమ్మే.

ఆ సాయంత్రం నబీ సాబ్ అంగట్లో ఆడవాళ్ళు అడిగింది రాణి చీర కాదు. ముందు వరసలో కూర్చున్నామె కట్టిన చీర. ఆ రంగు మా వీధికి రెండేళ్ళు అన్నం పెట్టింది.

ఆ రోజు కట్టిన చీరను మాత్రం హులిగెమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఆదెప్ప పోయాక ఒకసారి నేను ఊరికి వెళ్ళినప్పుడు, పద్యం మరిచిపోయిన రోజు గురించి అడిగాను.

"నన్ను సూసి మరిసినాడో, సీరను సూసి మరిసినాడో. బతికినన్నాళ్ళూ అడిగినా, నవ్వేవాడే గానీ సెప్పలేదు," అంది.

నిన్ను చూసే పెద్దమ్మా, అన్నాను.

"నీకేం తెలుసు?" అని కసిరింది. "ఆ సీర నా ఒంటి మీద ఎట్ల మెరిసిందో నువ్వు సూల్లేదు గదా."