సంచిలో ఎక్కువైన ఎముక

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను. డాక్టర్‌ని అయ్యాక వచ్చిన తెలివి కాదిది, చిన్నప్పటి నుంచీ అంతే. మా వీధిలో ఎవరికో గాలి సోకిందంటే, "జ్వరం మాత్ర వేసి చూడండి, గాలీ పోతుంది, దుమ్మూ పోతుంది" అనేదాన్ని. పెద్దవాళ్ళ చేత తిట్లు కూడా తిన్నాను.

ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. కానీ జరిగింది జరిగింది. ఉన్నదున్నట్టు రాస్తాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

తొంభైల మధ్యలో నేను విజయవాడలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. భవానీపురంలో ఒక మేడ మీద పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న ఆర్టీసీ డ్రైవరు. అమ్మ ఇంట్లోనే మిషన్ కుట్టేది. జాకెట్లు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకి మంచి పేరు.

మెడిసిన్‌లో అడుగుపెట్టగానే ముందు నేర్చుకోవాల్సింది ఎముకలే. సీనియర్లు తమ బోన్ సెట్టుని జూనియర్లకి ఇచ్చేయడం మా కాలేజీలో ఆనవాయితీ. నాకు శైలజక్క అనే సీనియర్ ఇచ్చింది. నిజం మనిషి ఎముకలే. ఎన్ని చేతులు మారాయో గానీ నూనె పట్టినట్టు పసుపెక్కి ఉండేవి. పూర్తి మనిషి కాదు, సగమే. పుర్రె, వెన్నుపూసలు, భుజంతో సహా కుడి చెయ్యి, కటి ఎముకతో సహా కుడి కాలు.

సంచి చూడగానే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "మరియమ్మ తల్లీ! శవాన్ని ఇంట్లోకి మోసుకొస్తావుటే? ఇదేం చదువు నీ మొహం!" అంది. దాంతో ఆ రెక్సిన్ సంచి బాల్కనీలోనే ఉండిపోయింది. ఒకరోజు వాన మొదలయ్యేసరికి ఆమే లోపలికి తెచ్చిపెట్టింది. "పాపం ఎవరు కన్న బిడ్డో, తడిసిపోతాడు" అంది.

నేను గట్టిగా చదివితే తప్ప బుర్రకెక్కని మనిషిని. ఎముకల్లో పొడుగువి, పొట్టివి, బల్లపరుపుగా ఉండేవి, ఒక ఆకారమంటూ లేనివి, మోకాలి చిప్పలాగా కండరం తాడులో గింజలా ఇమిడి ఉండేవి... ఇలా రకాలు వల్లిస్తుంటే అమ్మ మిషన్ తొక్కుతూ వినేది. "ఆకారం లేనివా? మీ నాన్న వైపు వాళ్ళవై ఉంటాయి" అనేది. కొన్నాళ్ళకి ఫీమర్ అంటే తొడదనీ, హ్యూమరస్ అంటే జబ్బదనీ, స్కాపులా అంటే వీపు మీద రెక్క ఎముకనీ ఆమెకే నోటికొచ్చేసింది.

పరీక్షలో ఎముక చేతికిచ్చి అది ఏదో, కుడిదో ఎడమదో చెప్పమంటారు. దానికి నేను కళ్ళు మూసుకుని, తడిమి చెప్పడం సాధన చేసేదాన్ని. సంచిలోంచి ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టడం అమ్మ పని. అప్పటికి ఆమెకి భయం పోయింది. పైగా నేను తప్పు చెబితే కొలతల టేపుతో ఒకటి వేసేది కూడాను.

ఒక ఆదివారం చర్చిలో పూజ ముగించుకుని వచ్చి, భోంచేసి కూర్చున్నాం. పట్టపగలు. నేను కళ్ళు మూసుకుని చెయ్యి చాపాను. ఎంతకీ ఎముక రాలేదు. "ఏంటమ్మా, నిద్రపోయావా?" అని కళ్ళు తెరిచాను.

అమ్మ చేతిలో కాలర్ బోన్ ఉంది. మెడ కింద భుజం వైపు అడ్డంగా ఉండే సన్నటి ఎముక. దాని మధ్యలో ఒక చోట ఆమె బొటనవేలు ముందుకీ వెనక్కీ కదులుతోంది.

"ఇది మన రోజమ్మది" అంది.

రోజమ్మ అమ్మకి చెల్లెలు, నాకు పిన్ని. నేను పాకే రోజుల్లో దివిసీమని ముంచిన ఉప్పెనలో కొట్టుకుపోయింది. అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్ల. శవం దొరకలేదు. ఏటా సమాధుల పండుగకి దివిసీమలో అమ్మ పుట్టిన ఊళ్ళో అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటారు. అమ్మ మాత్రం వెలిగించిన కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి ప్రహరీ పక్కన మట్టిలో గుచ్చి వచ్చేది. చెల్లెలికి ఒక సమాధి ఉండాలన్నదే ఆమె కోరిక. "దానికి పిడికెడు మట్టి వేసుకోలేకపోయానే" అని తలుచుకోని రోజు లేదు.

రోజమ్మ చిన్నప్పుడు గడ్డివామి మీంచి పడి ఎడమవైపు ఆ ఎముక విరగ్గొట్టుకుందట. అతుక్కుంది గానీ కణుపు కట్టింది. అమ్మ కుట్టుపని నేర్చుకున్నది రోజమ్మ గౌన్ల మీదే. "గుడ్డ అక్కడ ఎత్తుకొచ్చేదే. ఎడం పక్క మెడ కాస్త దింపి కత్తిరించేదాన్ని. ఎన్నిసార్లు కొలిచాను! ఈ కణుపు నా వేలికి తెలీదంటావా?" అంది.

నాకు చిరాకేసింది. కాలర్ బోన్ విరగడం చాలా మామూలు, చాలామందికి కణుపు ఉంటుంది. పైగా ఈ సెట్టు మగవాడిది, కటి ఎముక చూస్తే తెలిసిపోతుంది. ఇవన్నీ గడగడా ఏకరువు పెట్టాను. అమ్మ చివరిదాకా విని, "సరేలే. ముందు ఇది కుడిదో ఎడమదో చెప్పు" అని నా చేతిలో పెట్టింది.

ఎడమది.

నా దగ్గరున్న సెట్టు మొత్తం కుడివైపుది. దాని కాలర్ బోన్ సంచిలోనే ఉంది, అప్పుడే తీసి చూశాను. ఇన్ని నెలలు రోజూ ఆ సంచి బోర్లించి చదివినా, ఈ రెండోదాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మర్నాడు కాలేజీలో శైలజక్కని అడిగితే, "ఎడమది నా దగ్గర ఎప్పుడూ లేదే బాబూ. నాకీ సెట్టు ఇచ్చిన అక్కయ్య దగ్గరా లేదు" అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. తల్లి కడుపులో అన్ని ఎముకల కంటే ముందు గట్టిపడటం మొదలుపెట్టేది కాలర్ బోనే. అన్నిటికంటే ఆలస్యంగా పూర్తయ్యేవాటిలోనూ అదొకటి. ఛాతీ మధ్య ఎముకకి ఆనుకునే దాని కొస ఇరవై దాటితే గానీ పూర్తిగా అతుక్కోదు. ఆ ఎముకకి ఆ కొస గరుకుగా, తెరిచినట్టే ఉంది. పెరగడం ఇంకా అయిపోని పిల్లదో పిల్లాడిదో ఎముక అది. ఈ మాట అమ్మకి చెప్పాను.

నాన్న వాదించలేదు. "ఎవరిదైతేనేం, మనిషిదే కదా. మట్టిలో పెట్టేద్దాం" అన్నాడు. మా చర్చి ఫాదర్ గారూ అదే మాటన్నారు. సమాధుల పండుగ దగ్గర్లోనే ఉంది. "ఆ రోజైతే ఊరంతా ఉంటారు, పదిమందిలో ప్రార్థన చెప్పించి పెడదాం. దానికి అదైనా దక్కాలి" అంది అమ్మ. అందరికీ అదే సబబు అనిపించింది.

అమ్మ తెల్ల పాప్లిన్ గుడ్డతో చిన్న సంచి చేసి, ఎముకని అందులో పెట్టి, నాలుగు వైపులా చేత్తో సన్నగా కుట్టేసింది. బీరువాలో తన పెళ్ళి చీర మీద పెట్టింది.

పండుగ రోజు ముగ్గురం అవనిగడ్డ బస్సెక్కాం. బస్సు కిటకిటలాడిపోతోంది. నలిగిపోతుందని అమ్మ ఆ సంచిని పైట కింద, గుండెకి ఆనించి పట్టుకుంది. కంకిపాడులో బస్సు ఆగినప్పుడు, "ఉందా?" అంటే నా చెయ్యి పట్టుకుని తాకించింది. గుడ్డలోంచి గట్టిగా నా వేళ్ళకి తగిలింది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఊళ్ళో సమాధుల మధ్య నాన్న చిన్న గొయ్యి తీశాడు. అక్కడి చర్చి ఫాదర్ గారు ప్రార్థనకి నిలబడ్డారు. అమ్మ పైట కింది నుంచి సంచి తీసింది. అది పల్చగా, చేతిరుమాలులా వేలాడింది. కుట్టు ఎక్కడా ఊడలేదు. నేనూ చూశాను, నాన్నా చూశాడు. అమ్మ పంటితో దారం తెంపి లోపల చెయ్యి పెట్టింది. ఏమీ లేదు.

దారి పొడుగునా వెతికాం. బస్సు డిపోకి వెళ్ళి సీట్ల కింద కూడా చూశాడు నాన్న. దొరకలేదు.

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో. "వచ్చిన రోజే పెట్టేయాల్సింది. పండుగనీ, పదిమందనీ నేనే ఆపాను. పిల్ల ఎంతకని ఆగుతుంది?" అంది. ఆ తర్వాత ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్క లేదు. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి అనేది. నా పెళ్ళిలో కూడా అంది. నీ తప్పేముందమ్మా అంటే వినేది కాదు.

పదేళ్ళ తర్వాత అమ్మకి న్యుమోనియా వచ్చింది. విజయవాడలోనే ఆస్పత్రిలో చేర్పించాం. ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఫిల్మ్ పట్టుకుని నేనూ చూశాను. ఊపిరితిత్తులు చూశాను. రెండు వైపులా తెల్లబడిపోయి ఉన్నాయి. ఇంక వేరే ఏం చూస్తాను? అమ్మ నాలుగు రోజులు తెలివిలోనే ఉంది, మాట్లాడింది కూడా. ఐదో రోజు పోయింది. భవానీపురం నుంచి చర్చికి, అక్కడి నుంచి సమాధుల తోటకి తీసుకెళ్ళి మట్టిలో పెట్టాం.

నెల గడిచాక ఆస్పత్రి కవర్లు సర్దుతుంటే ఆ ఫిల్మ్ చేతికొచ్చింది. ఊరికే కిటికీ వెలుగులో పెట్టి చూశాను.

ఎడమ కాలర్ బోన్ మధ్యలో కణుపు ఉంది. ఎప్పుడో విరిగి అతుక్కున్న కణుపు.

వేరేవాళ్ళ ఫిల్మేమో అనుకున్నాను. అమ్మ పేరే, అమ్మ వయసే. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆమెకి దగ్గు తగ్గకపోతే తీయించిన పాత ఎక్స్‌రే బీరువా వెనకాల ఉంది. దాన్నీ తీసి పక్కన పెట్టాను. పక్కటెముకలు, గుండె నీడ అన్నీ ఆమెవే. పాతదాంట్లో రెండు కాలర్ బోన్లూ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో ఆమె ఎప్పుడూ పడలేదు. ఆ ఎముక విరిగితే వారాల తరబడి చెయ్యి లేవదు. అమ్మ ఒంట్లో బాగుండక మిషన్ ఆపిన రోజులు నాకు గుర్తే లేవు. ఎముకల డాక్టరైన స్నేహితుడికి ఏమీ చెప్పకుండా కొత్త ఫిల్మ్ చూపించాను. "ఇది చిన్నతనంలో విరిగింది, చక్కగా అతుక్కుంది" అన్నాడు.

చదివిన చదువంతా తిరగేశాను, ఇలాంటిది ఎక్కడా లేదు. అయినా ఇప్పుడు నన్ను తినేసేది అది కాదు. ఆ ఫిల్మ్ నాలుగు రోజులు ఆమె మంచం పక్కనే ఉంది. ఊపిరితిత్తుల మీద నుంచి నా చూపు కాస్త పైకి జరిగి ఉంటే చాలు. ఆమె తెలివిలో ఉంది. చెబితే వినేది.

నాన్నకి దాచలేకపోయాను. రెండు ఫిల్ములూ చూపించి, వేలు పెట్టి కణుపు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు.

"అయితే మీ అమ్మతో పాటే రోజమ్మకీ మట్టి దక్కిందన్నమాట" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. అదే ఊపులో నా వైపు తిరిగి, "మరి ఈ మాట మీ అమ్మకి చెప్పావా?" అన్నాడు.