అడ్డుబండి ఏసురాజు

షార్జా రోలాలో సైకిలు బాగు చేయించుకోవాలంటే ఏసురాజు దగ్గరికే వెళ్లాలని ఎవరూ అనరు. అలాంటి దుకాణాలు అక్కడ వీధికి రెండున్నాయి. అందరూ ఒకే రకంగా బాగు చేస్తారు, ఒకే రకంగా విసుక్కుంటారు. ఏసురాజు ఇంకాస్త ఎక్కువ విసుక్కుంటాడు, అంతే. యాభై ఆరేళ్ల మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, లేచాక మళ్లీ కూర్చోవాలంటే దేవుడు దిగిరావాలి. బకాలా కొట్ల సరుకులూ మంచినీళ్ల డబ్బాలూ మోసి మోసి నడుం వంగిన సైకిళ్లే అతని దగ్గరికి వచ్చేవి. ఇసుక తిన్న గొలుసులు, ఎండకు పెచ్చులూడిన టైర్లు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా అదే నూనె, అదే గ్రీజు. దుకాణం నడిపించే ముదీర్ మలబారీ. మంచివాడే గాని, యల్లా యల్లా అని తొందర పెట్టడం తప్ప వేరే పని ఎరగడు.

ఈ మనిషి ఒకప్పుడు జీతం తీసుకుని రేసులు తొక్కాడంటే ఎవరు నమ్ముతారు? కన్నకొడుకు బ్లెస్సనే నమ్మలేదు. దుబాయ్‌లో ఏసీ ఆఫీసులో కూర్చునే కుర్రాడు, సాక్ష్యం అడిగాడు. ఏసురాజు ట్రంకుపెట్టె తీసి పాత పేపరు ముక్క చూపించాడు. అందులో దండ వేసుకుని నవ్వుతున్న వేరే ఆయన ఫొటో ఉంది. ఫొటో అంచున ఎవరిదో ఒక మోచేయి కనిపిస్తోంది. అది తనదేనన్నాడు ఏసురాజు. మోచేతులు అందరికీ ఒకలాగే ఉంటాయి డాడీ అని బ్లెస్సన్ నవ్వేశాడు. ఆ తరవాత తండ్రి ఆ పెట్టె జోలికి పోలేదు.

కాని అది నిజమే. డెబ్భైలలో మద్రాసులో ఒక సైకిళ్ల కంపెనీ ఉండేది. తన సరుకు పేరు జనం నోళ్లలో నానాలని ఒక జట్టును పెట్టి, నెలనెలా జీతాలిచ్చి రేసులు తొక్కించింది. నెల్లూరు నుంచి మద్రాసు దాకా ఒకటి, గుంటూరు నుంచి నెల్లూరు దాకా ఇంకొకటి, ఊరూరా మకాం చేస్తూ రోజుల తరబడి సాగేవి మరికొన్ని. నర్సాపురం పక్క పల్లెలో చర్చికి గంట కొట్టే ఆయన కొడుకు ఏసురాజు అందులో చేరాడు. జట్టు నాయకుడు ఫకీర్ సాహెబ్, నెల్లూరు మనిషి. పేపర్లో దండతో నవ్వుతున్నది ఆయనే.

రోడ్డు రేసు చూడనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముందు వెళ్లేవాడే గెలుస్తాడని లోకం అనుకుంటుంది. రోడ్డు మీద రేసులో ముందు వెళ్లేవాడే ఓడిపోతాడు. ఎదురుగాలంతా వాడి రొమ్ము మీదే పడుతుంది. వాడి వెనక చక్రానికి తన ముందు చక్రం ఆనీ ఆననట్టు పెట్టి తొక్కేవాడికి సగం శ్రమ తగ్గుతుంది. అలా దారి పొడుగునా దాచుకున్న సత్తువతో చివర్లో పక్కకు తప్పుకుని దూకి గెలుస్తాడు. అందుకే ప్రతి నాయకుడికీ గాలికి అడ్డుగా ఒక మనిషి ఉండాలి. జట్టులో వాణ్ని అడ్డుబండి అనేవారు. నాయకుడికి దాహమేస్తే నీళ్లివ్వాలి. ఆయన చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చి, తను రోడ్డు పక్కన నిలబడాలి. ఎనిమిదేళ్లు ఫకీర్ సాహెబ్‌కు అడ్డుబండి ఏసురాజే. ఒక్క రేసూ గెలవలేదు. గెలవడం అతని పని కాదు.

జూలై వచ్చిందంటే చాలు, ఎదురు కెఫెటేరియాలో టీవీ ముందు నిలబడిపోయేవాడు. దేశంగాని దేశంలో కొండల మీద జరిగే ఆ పెద్ద రేసు చూస్తూ టీ చల్లారబెట్టుకునేవాడు. చెవుల్లో తీగలు పెట్టుకుని, వెనక కార్లోంచి ఎవడో చెబితే తొక్కే వీళ్లూ ఒక రౌతులేనా అని గొణిగేవాడు. ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, గెలిచినవాడు సత్తువకు మందు వాడాడని నాలుగు రోజులకే కబురు వచ్చింది. ఏసురాజు రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. మా రోజుల్లో అయితేనా అని మొదలుపెట్టాడు. ఉన్ని చొక్కా, భుజాల మీద ఎనిమిది అంకెలా మెలేసుకున్న టైరు, దారి పక్క ఆడవాళ్లు అందించే మజ్జిగ చెంబు, రాత్రికి ఏదో బడి వరండాలో అందరూ వరసగా ఒకరి పిక్కలు ఒకరు పిసకడం, ఇవన్నీ ఏకరువు పెట్టాడు. అప్పట్లోనూ ఎవరూ చూడకుండా లారీ తోక పట్టుకుని గట్టెక్కినవాళ్లు ఉన్నారు. ఆ సంగతి మాత్రం చెప్పడు. పాతకాలాన్ని తలుచుకునేవాళ్లంతా ఇంతే, ముల్లు తీసేసిన చేపనే విస్తట్లో వడ్డిస్తారు.

కంపెనీ మూతపడింది. జట్టు చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. ఏసురాజు లీలాకుమారిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె నర్సుగా షార్జా వచ్చింది, వెనకాలే అతనూ వచ్చాడు. ఊళ్లో వాళ్లు నర్సు మొగుడని ఎగతాళి చేశారు గాని, ఎవరి వెనకో ఉండే అలవాటు అతనికి కొత్త కాదు. జట్టులో మిగతావాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆ కబుర్లు వచ్చినప్పుడల్లా పనిముట్లు కింద పెట్టి కాసేపు కూర్చునేవాడు, మళ్లీ గోడ పట్టుకుని లేచేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం తెలుగు సంఘం కార్యదర్శి వీరవెంకటసత్యనారాయణ తన కొడుకు సైకిలు బాగుకు తెచ్చాడు. మనిషి కంటే పేరు పొడుగు, పేరు కంటే మాట పొడుగు. వచ్చే శుక్రవారం దుబాయ్ కరామాలో ఒక పాతకాలం చాంపియన్‌కు శాలువా కప్పుతున్నామని, నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చాడని, ఫకీర్ సాహెబ్ అట, సైకిళ్ల వాళ్లు కదా మీరూ రండని చెప్పాడు. ఏసురాజు బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు. సరే వస్తానన్నాడు.

ఇంటికి వచ్చి లీలాకుమారికి చెప్పాడు. ఆమె డ్యూటీ నుంచి వచ్చి పాదాలు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉంది. సంతోషించి, ఆ కార్యదర్శికి ఇప్పుడే ఫోను చెయ్యమంది. పాత జట్టువాణ్నని చెబితే స్టేజీ మీద కుర్చీ వేస్తారంది. ఏసురాజు వద్దన్నాడు. ఎవరికీ చెప్పడట, వెళ్లి ఎదురుగా నిలబడతాడట, ఆయనే పోల్చుకోవాలట.

"మీకేవన్నా మతుండే మాట్లాడుతున్నారా?" అంది లీలాకుమారి. "పాతికేళ్లు దాటిందండీ. అప్పుడు మీసం ఉండేది, జుట్టుండేది. ఇప్పుడేవున్నాయి మీ మొహాన? కన్నతల్లి లేచొచ్చినా ఎవరు బాబూ అంటది."

ఏసురాజు కుక్కర్ కూత పెడితే వెళ్లి స్టవ్ కట్టి వచ్చాడు.

"నేను తొక్కానని తెలిసినోడు భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు, లీలా. నీకు నేను చెబితే తెలిసింది. అబ్బాయికి చెప్పినా తెలవలేదు. ఆయనకీ నేనే చెప్పుకుంటే, ఓహో నువ్వా అంటాడు. అది నా మాటే అవుద్ది గాని ఆయన మాట అవదు."

లీలాకుమారికి కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండింటికీ ఓపిక లేక తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. శుక్రవారం పొద్దున ఇద్దరూ ఆరాధనకు వెళ్లారు. ఈ దేశంలో క్రైస్తవులకు ఆదివారం శుక్రవారమే వస్తుంది. ఆమె చాలాసేపు మోకాళ్ల మీద ఉండి ప్రార్థించింది. మధ్యాహ్నం డ్యూటీకి పోయింది.

రోలా నుంచి బస్సు కదలడమే ఆలస్యమైంది. దుబాయ్ రోడ్డు మీద కార్లు పేర్చినట్టు నిలిచిపోయాయి. ఏసురాజుకు సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని, ఒక కాలి మీద కాసేపు, రెండో కాలి మీద కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వెళ్లిపోదామనిపించింది. గుర్తు పట్టకపోతే ఏం చేస్తావని తనను తానే అడిగాడు. గుర్తు పట్టకపోతే ఆ ఎనిమిదేళ్లు జరగనట్టే. మోకాళ్లు అరిగింది బకాలా సైకిళ్ల ముందు గొంతుకూర్చోవడం వల్లే అనుకోవాలి. అంతకంటే ఆలోచించడానికి ఒంట్లో శక్తి లేదు. బస్సు ఎటు తీసుకెళితే అటు పోయాడు.

కరామాలో ఒక హోటలు మేడమీది హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, కింది నుంచి బిర్యానీ వాసన. స్టేజీ మీద ఫకీర్ సాహెబ్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. చేతికర్రను రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఏసురాజు ఆయన్ను గుమ్మంలోంచే గుర్తుపట్టాడు. వెళ్లి చివరి వరసలో కూలబడ్డాడు.

కార్యదర్శి ఉపన్యాసం అందుకున్నాడు. ఎదురుగాలిని ఒంటిచేత్తో చీల్చుకుంటూ, తోడు లేకుండా, నీడ లేకుండా ఒంటరిగా గెలిచిన వీరుడన్నాడు. గాలిని చీల్చిన రొమ్ము చివరి వరసలో కూర్చుని ఉందని ఆయనకేం తెలుసు? జనం చప్పట్లు కొట్టారు. ఏసురాజు కూడా కొట్టాడు, అలవాటు కొద్దీ. ఫకీర్ సాహెబ్‌ను మాట్లాడమంటే లేచి నిలబడి, తనకు మాటలు రావని, అల్లా దయ, పెద్దల దయ అని చెప్పి కూర్చున్నాడు. రేసుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు.

తరవాత అందరూ వరసగా వెళ్లి చెయ్యి కలిపి ఫొటోలు దిగుతున్నారు. పక్కన కొడుకు మీరా హుస్సేన్ నిలబడి, వచ్చినవాళ్ల పేర్లు అడిగి తండ్రి చెవిలో చెబుతున్నాడు. ఏసురాజూ ఆ వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే మీరా హుస్సేన్ మర్యాదగా తమరి పేరేంటని అడిగాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"షార్జా నుంచి వచ్చానండి" అన్నాడు ఏసురాజు.

ఫకీర్ సాహెబ్ అతని చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మొహంలోకి చూశాడు. బాగా చూశాడు. "సంతోషమండీ. తమరు ఏం చేస్తుంటారు?" అన్నాడు.

తమరు అన్నాడు. ఒకే కంచంలో తిన్న మనిషి, ఒకే దుప్పటి లాక్కున్న మనిషి, తమరు అన్నాడు. సైకిళ్ల షాపులో పనండి అన్నాడు ఏసురాజు. మంచిదండీ అన్నాడు ఫకీర్ సాహెబ్. ఫొటో తీసేవాడు ఇటు చూడమన్నాడు. ఇద్దరూ చూశారు. ఫ్లాష్ వెలిగింది. వెనకాయన భుజం తగిలించాడు. ఖలాస్.

భోజనాలకు ఉండమని ఎవరో అన్నారు. ఏసురాజు తల ఊపి తలుపు వైపు నడిచాడు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఊరికే అలసట వచ్చింది, ఎముకల లోపలి నుంచి వచ్చింది. మెట్లు దిగాలి, బస్సు పట్టుకోవాలి, లీలకు ఏదో చెప్పాలి. తల వంచుకుని, ఎడమ భుజం కాస్త దించి, మెడను లోపలికి లాక్కుని, అతను ఎప్పుడూ నడిచే తీరులోనే నడిచాడు.

"ఏసూ."

గట్టిగా అరిచిన పిలుపు కాదది. పక్కనే ఉన్న మనిషిని పిలిచినట్టుంది. ఏసురాజు కాళ్లు ఆగిపోయాయి.

ఎవరు అబ్బా, ఎవర్ని పిలుస్తున్నావని మీరా హుస్సేన్ తండ్రిని అడగడం వినిపించింది. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మొహం తెలీలేదురా అబ్బయా" అంటున్నాడు ఫకీర్ సాహెబ్. "రేసు ఎట్టా గెలిచినావని అందరూ అడగతారే, ఏం చెప్పేది? రోడ్డు ఎట్టుండేదో నేను చూళ్లా. ఎనిమిదేళ్లు ఈ వీపే చూసినా."

చేతికర్ర నేలను తడుతూ దగ్గరికి వస్తోంది. తిరగాలని ఏసురాజుకు ప్రాణం కొట్టుకుంది. కాని తిరిగితే ఈ బట్టతలా ఈ మీసం లేని మొహమూ చూసి, ఆయన మళ్లీ తమరు అంటాడేమోనని భయం వేసింది. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తకుండా, ఆయన వచ్చి భుజం పట్టుకునేదాకా వీపు అటు తిప్పి అలాగే నిలబడ్డాడు.