ఇశ్రాయేలు అనే ఆయ్

ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఇశ్రాయేలు తల ఊపుతూ "ఆయ్" అంటాడు. కోనసీమలో ఆ మాటకు వింటున్నామని అర్థం. కర్నూలు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఉపాధి శిక్షణ ఆఫీసరుకు మాత్రం ఒప్పుకున్నామని అర్థం. కొత్తపేట కాలవలో సరుకు పడవలు ఆగిపోయాక, గట్టు మీద నడుస్తూ వాటిని తాడుతో లాగిన ఇశ్రాయేలుకు భుజం మీది కాయ తప్ప ఏమీ మిగల్లేదు. సరుకంతా లారీలెక్కింది కనక లారీ తోలడం నేర్చుకోవాలనుకున్నాడు. ఆ సంగతి చెప్పుకుందామని వెళితే, నోరు విప్పేలోగానే ఆఫీసరు కొవ్వొత్తుల తయారీ గురించి చెప్పాడు, ఇశ్రాయేలు "ఆయ్" అన్నాడు. అదే నేర్పించారు. కొనే నాథుడు లేడు. మరుసటేడు తేనెటీగలన్నారు. మళ్లీ "ఆయ్". ఒళ్లంతా దద్దుర్లతో ఇంటికొచ్చాడు. ఈసారి భార్య సంతోషమ్మ కూడా వెంట వెళ్లింది.

"సబ్బుల తయారీకి మంచి గిరాకీ ఉంది," అన్నాడు ఆఫీసరు.

"ఆయ్," అన్నాడు ఇశ్రాయేలు.

"వినపడిందంటున్నారండీ, నచ్చిందని కాదు. ఈయనకి లారీ నేర్పించండి బాబూ," అంది సంతోషమ్మ.

ఆఫీసరుకు విసుగొచ్చింది. "ఆ ముక్క మొదటే చెప్పొద్దా? డ్రైవింగుకు ముప్పై అయిదేళ్లు దాటకూడదు. ఈయనకు పోయిన నెలే దాటాయి."

"దాటేదాకా మీరు నేర్పినవే కదండీ నేర్చుకున్నారు!" అంది సంతోషమ్మ.