సాక్ష్యం చెప్పినాక తిరిగొచ్చిన గడ్డ

ముత్తుకూరులో మగ్దలీనమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. టిఫిన్ బండి దగ్గర నిలబడి "కారం దోసె, వేడి వేడీ!" అని కేక పెడితే, పోర్టుకు పోయే లారీలు వాటంతటవే బ్రేకు వేసుకుంటాయి. ఒకసారి రేవులో ఓడ కూడా ఆగిందంటారు. ఆగలేదని చెప్పడానికి ఆ ఓడ మళ్లీ ఈ వైపు రాలేదు.

ఆ గొంతు పక్కనే, మెడకు కుడివైపు, నిమ్మకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. నెల్లూరు డాక్టరు సూదితో నీళ్లు లాగేసరికి మాయమైపోయింది. "స్కాన్ తీయాలి, మళ్లీ రామ్మా" అని ఆయన చెప్పాడు గానీ, ఆమె వింటేనా? ఆ ఆదివారమే చర్చిలో లేచి, దేవుడు నన్ను స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పేసింది. ఆరాధన అయ్యాక అందరికీ కోడి పలావు పెట్టింది.

రెండు నెలలకు గడ్డ తిరిగొచ్చింది.

నయమైందన్న నోటితోనే కాలేదంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా? మగ్దలీనమ్మ మండే ఎండల్లో కొంగు మెడ చుట్టూ తిప్పుకుని దోసెలు పోసింది.

"ఏందే ఆ చుట్టుడు? ఊటీలో ఉండావా?" అన్నాడు భర్త జడ్సన్.

"నువ్వు చట్నీ చూసుకోవయ్యా. నా మెడతో నీకేం పని?"

"ఆ మెడలో తాళి కట్టింది నేనే గదా!" అని కొంగు లాగాడు. చూశాడు. స్టవ్ ఆర్పేసి, ఆమెను పాస్టరు సమాధానం గారింటికి తీసుకుపోయాడు.

అంతా విని పాస్టరు నవ్వారు. "తొందరపడింది నువ్వమ్మా, దేవుడు కాదు. పలావు మాత్రం బాగుండింది. పద, డాక్టరు దగ్గరికి నేనూ వస్తా."

స్కాన్‌లో థైరాయిడ్ గ్రంథిలో శనగగింజంత కణితి కనిపించింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు విడమర్చి చెప్పాడు. "మెడ మీద నీటిగడ్డ పిల్ల. తల్లి లోపల దాక్కుంది. క్యాన్సరేనమ్మా, కానీ ఈ రకం చాలామందికి నయమవుతుంది. ఆపరేషన్ చేద్దాం."

"నా గొంతు?"

"గొంతు నరం పక్కనే పని. జాగ్రత్తగా చేస్తాం. అంతకుమించి మాటివ్వలేను."

ఆపరేషన్ అయింది. తెలివొచ్చాక చాలాసేపు మగ్దలీనమ్మ నోరు తెరవలేదు. తెరిస్తే ఏమీ రాదేమోనని భయం. మంచం పక్కన జడ్సన్ ఆమె నోటివంకే చూస్తూ కూర్చున్నాడు.

చివరికి, బొంగురుగానే అయినా, వార్డంతా తిరిగి చూసేట్టు వచ్చింది. "ఏమయ్యా, రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో పెట్టినావా, పులవబెట్టినావా?"

జడ్సన్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోసారి తిట్టవే," అన్నాడు.