ద్రీకా కుట్టుగదిలో గంజాయి తోట

బ్రాబంత్ ప్రాంతంలోని ఒక ఉన్నిమిల్లుల ఊళ్లో, కార్మికుల కోసం కట్టిన ఇటుక ఇళ్ల వీధిలో, ద్రీకా నోటికి జడవని మగవాడు లేడు. మిల్లు మూతపడిన రోజున అందరూ గేటు దగ్గర ఏడుస్తుంటే, ఆవిడ మేనేజరు కారుకు అడ్డం నిలిచి, దాని మీదే తన భోజనం డబ్బా తెరిచి, నింపాదిగా తిని, చేతులు దులుపుకుని అప్పుడు పక్కకు జరిగింది. మేనేజరు అంతసేపూ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

మిల్లు పోయాక ఇంట్లోనే కుట్టుపని పెట్టుకుంది. ఇంటి పైకప్పు కింద, గోడలు ఏటవాలుగా ఉండే అటకగది ఆమె రాజ్యం. కప్పులో అమర్చిన కిటికీ కింద కుట్టుమిషను, చుట్టూ బట్టల తానులు. ఫిబ్రవరి కార్నివాల్‌కి వీధి వీధంతా వేసుకునే వేషాలు అక్కడే తయారయ్యేవి. ఒక ఏడు కప్పలు, ఒక ఏడు బిషప్పులు, ఇంకో ఏడు తలలేని పోలీసులు.

అరవై దాటాక ఒక శరత్కాలంలో, తడి ఆకుల మీద సైకిలు జారి తుంటి విరిగింది. ఆపరేషను అయింది. మళ్లీ నడక నేర్పే ఆసుపత్రిలో వారాల తరబడి ఉండాల్సి వచ్చింది. ఇంట్లో భర్త షెఫ్ ఒక్కడే మిగిలాడు. మిల్లులో ఉన్నిధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ఎవరికీ కాదని చెప్పలేని మెత్తదనం. భార్య గొంతు వినపడని ఇంట్లో ఏం చేయాలో తోచక రేడియో పెట్టుకుని కూర్చునేవాడు.

ద్రీకా వాకర్ పట్టుకుని తిరిగి వచ్చేసరికి మంచాన్ని కింద ముందుగదిలోకి దించి ఉంచారు. ఆ ప్రాంతపు ఇళ్లలో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, ఆమెకు ఎక్కడం కుదరదు కదా అని. మంచం మీద పడుకుంటే పైనుంచి ఎడతెగని గుయ్‌మనే శబ్దం. అటక చెమ్మ పట్టకుండా ఆమె తమ్ముడు టీనుస్ ఫ్యాను బిగించాడని షెఫ్ చెప్పాడు. టీనుస్ కరెంటు పని చేసేవాడు, వీధిలో అందరికీ కావలసినవాడు, అడిగితే కాదనడు. ఆమె నమ్మింది. ఎప్పుడూ పొయ్యి దగ్గరికి వెళ్లని షెఫ్ రోజంతా ఉల్లిపాయలు వేయించడం మాత్రం విడ్డూరంగా అనిపించింది. ఏమిటని అడిగితే, ఆకలిగా ఉంటోంది అన్నాడు.

జనవరిలో మంచు పడింది. పక్కింటి వీస్ బఠాణీ సూపు గిన్నెతో వచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ అంది:

"మీ ఇంటి కప్పు చూశావటే? వీధంతా తెల్లగా కప్పుకుని పడుకుంది. మంచు నిలవక మీ ఒక్క ఇంటికే ఎండాకాలం వచ్చినట్టుంది."

"ఏం మాట్లాడుతున్నావు?"

వీస్ ఆమె ముఖంలోకి చూసి, సూపు గిన్నె నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "నీకు నిజంగానే తెలీదా? వీధిలో తెలీనిదానివి నువ్వొక్కదానివే."

ద్రీకా షెఫ్‌ని పిలిచింది. అతను తివాచీ వైపు చూస్తూ అంతా చెప్పేశాడు. పైన గంజాయి మొక్కలు. ఉల్లిపాయలు వేయించింది ఆ వాసన కప్పెట్టడానికే. కప్పు మీద మంచు కరిగేంత వేడి దీపాలు, గొట్టాలు, వాసన పీల్చే బొగ్గు డబ్బా, అన్నీ టీనుస్ తెచ్చి బిగించాడు. షెఫ్ డబ్బు కోసం ఒప్పుకోలేదు. టీనుస్ రోజూ వచ్చేవాడు, గుడ్లు వేయించేవాడు, పేకాడేవాడు. ఇల్లు ఖాళీగా అనిపించేది కాదు. తర్వాత మొక్కలు పెరగడం మొదలుపెట్టాక షెఫ్‌కి వాటి మీద మనసు పడింది. పొద్దున్నే నీళ్లు పోసేవాడు, పండుటాకులు గిల్లేవాడు. పెళ్లయినప్పటి నుంచి ఆమె కిటికీలోని పూలకుండీకి ఒక్కసారి నీళ్లు పోసి ఎరుగడు. అందుకే గంజాయికి నీళ్లు పోశానన్న మాట ఆమెకు పుండు మీద కారంలా తగిలింది.

"నా మిషను ఎక్కడ?"

"పెరటి షెడ్డులో."

"నా గది ఇచ్చేయడానికి నీకెలా మనసొప్పింది?"

"నువ్విక పైకి ఎక్కలేవని టీనుస్ అన్నాడు," అన్నాడు షెఫ్.

ద్రీకా వాకర్ గోడకు ఆనించింది. కింది మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, మంచి కాలు తన్నిపట్టి, చేతుల మీద బరువు వేసి ఒక్కో మెట్టే వెనక్కి వెనక్కి ఎక్కింది. షెఫ్ సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది. నుదురు చెమటతో తడిసింది, పళ్లు కొరికిన చప్పుడు కింద వీస్‌కి వినిపించింది. అటక తలుపు తోయగానే తెల్లటి వెలుగు కళ్లలో పొడిచింది. గోడలకు వెండిరంగు కాగితం. కప్పు కిటికీకి చెక్క దిగ్గొట్టారు. నల్ల కుండీల్లో నడుమెత్తు మొక్కలు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి. ఆమె ఒక కుండీని బోర్లించి దాని మీద కూర్చుంది. అక్కడి నుంచే షెఫ్‌కి చెప్పింది, టీనుస్‌ని పిలవమని.

టీనుస్ నవ్వు ముఖంతోనే వచ్చాడు. మెట్లు ఎక్కాక ఆ నవ్వు పోయింది.

"ఎలా ఎక్కావే పైకి?"

"కూర్చుని ఎక్కా. నా గది ఎవరికి ఇచ్చావో చూద్దామని."

తప్పయిందన్నాడు. కోత అయ్యాక అన్నీ విప్పి తీసుకుపోతానన్నాడు. అంతవరకు ఓపిక పట్టమన్నాడు. ఇదంతా తనది కాదని, వెనక వేరేవాళ్లున్నారని, వాళ్లతో పెట్టుకుంటే ఊరుకోరని గొంతు తగ్గించి చెప్పాడు.

"వాళ్ల పేర్లు చెప్పు."

"చెప్పలేను."

"అంటే నా నెత్తి మీద వ్యవసాయం చేసేదెవరో నాకే తెలీకూడదన్నమాట." ఆమె జేబులోంచి ఫోను తీసింది.

"ద్రీకా, వద్దే. నేను నీ తమ్ముణ్ణి."

"అందుకే ముందు నిన్ను పిలిచా. ఇప్పుడు పోలీసుల్ని పిలుస్తా."

పోలీసులు వచ్చి మొక్కలు కోసి, సంచుల్లో కూరి తీసుకుపోయారు. వాళ్లతో వచ్చిన కరెంటు సంస్థ మనిషి గోడ విప్పి చూసి తల పట్టుకున్నాడు. మీటరులో లెక్క పడకుండా, దానికి ముందరి లైనుకే తీగ కలిపారు. ఆ తీగ అప్పటికే కాలి నల్లబడి ఉంది. ఇంకొన్నాళ్లు పోతే ఇళ్ల వరస మొత్తం అంటుకునేదన్నాడు. ఆ గోడకు అవతలే వీస్ మనవరాళ్లు పడుకుంటారు. అది విన్నాక ద్రీకా టీనుస్ పేరు నోటితో పలకడం మానేసింది.

తానే పిలిచింది కాబట్టి తన జోలికి రారనుకుంది. పురపాలక కార్యాలయం వాళ్లు ఆ ఇల్లు కొన్ని నెలలు మూసేయాలని నిర్ణయించారు. అద్దెకిచ్చిన గృహసంఘం ఒప్పందం రద్దు చేస్తానంది. కార్యాలయంలో ఒక మర్యాదస్తుడు ఆమెకు కాఫీ పోసి, పక్కన ఒక బిస్కెట్టు పెట్టి, నియమం అందరికీ ఒకటేనండీ అన్నాడు.

"మా వీధి మూలన మీరు లైసెన్సిచ్చిన కొట్లో ఇదే సరుకు ముందు తలుపులోంచి అమ్మితే మీకు కళ్లు కనపడవు," అంది ద్రీకా. "అది వెనక తలుపులోంచి ఎక్కణ్ణుంచి వస్తోందని ఎప్పుడూ అడగరు. మాలాంటివాళ్ల అటకల మీద పెరిగితే మాత్రం మా ఇంటికి తాళం. చెప్పినదానికీ తాళమే, దాచినదానికీ తాళమే. ఇంకెవరు చెప్తారయ్యా మీకు?"

అతను బాధగా తల ఊపాడు. ఇంటికి తాళం పడింది.

షెఫ్‌ని అతని చెల్లెలి ఊరు పంపించేసింది. తాను వీస్ ఇంట్లో ఉండిపోయింది. తన ఇల్లు గోడ అవతల చల్లబడి పడి ఉంటే, రాత్రిళ్లు కోపంతో నిద్రపట్టేది కాదు. ఒక పొద్దున లేచి, వాకర్ తోసుకుంటూ ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట చెప్పింది: "మీకు తెలుసు. తెలిసీ నాకు చెప్పలేదు. అందుకని రేపు నాతో గృహసంఘం ఆఫీసుకి వస్తున్నారు."

వచ్చారు. సిగ్గుతో కొందరు, ఆమె నోటికి భయపడి కొందరు. కూర్చోడానికి కుర్చీలు చాలక మెట్ల మీద నిలబడ్డారు. వీస్ అందరికంటే ముందు లేచి, మంచు పడే దాకా తాను నోరు మూసుకోవడం తప్పేనని అధికారుల ముందు ఒప్పుకుంది. చివరికి సంఘం హెచ్చరికతో సరిపెట్టింది. ఇల్లు ఆమె పేరునే నిలిచింది.

టీనుస్‌కి శిక్షగా పార్కులు ఊడ్చే పని పడింది. వెనకున్నవాళ్లు అతని కుడిచేతి వేళ్లు విరగ్గొట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు ద్రీకా వీస్ వంటింట్లో సూపు కాచింది. తర్వాత కోటు వేసుకుని వెళ్లి, అతని ఫ్లాటు గుమ్మంలో సూపు గిన్నె పెట్టి, గంట కొట్టి, తలుపు తెరిచేలోగా లిఫ్టు ఎక్కేసింది. క్షమించావా అని వీస్ అడిగితే కసిరింది. చెయ్యి విరిగినవాడు వండుకోలేడు, అంతే.

వసంతంలో తాళం తీశారు. షెఫ్ చిన్న పెట్టె పట్టుకుని వచ్చి, తన ఇంటికే తాను గంట కొట్టి, టోపీ తీసి నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా?"

"రా. కానీ నీతో నేనింకా మాట్లాడ్డం లేదు," అంది ద్రీకా. ఆ తర్వాత చీకటి పడేదాకా తిడుతూనే ఉంది. అతను కోటు కూడా విప్పకుండా కూర్చుని ప్రతి మాటా విన్నాడు.