ప్రభువు కాళ్ల దగ్గర కుక్క

మెదక్ ప్రయాణం నేను సరదాకు పెట్టుకున్నది కాదు. మా హిస్టరీ సార్ భార్య నుంచి పోస్టుకార్డు వచ్చింది: "నువ్వు వేయించిన రాయిని ఒక్కసారి వచ్చి చూసుకో బిడ్డా." సార్ పోయి ఏడాదయింది. సమాధి మీద రాయి వేయించే పనిని పాత విద్యార్థుల తరఫున నేనే నెత్తిన వేసుకుని, హైదరాబాదులో కూర్చునే అంతా నడిపించాను. కార్డులో ఒక్క మెచ్చుకోలు మాట లేదు. నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

వెళ్లేవాళ్లు గౌలిగూడలో ఆరింటి బస్సు ఎక్కండి. తర్వాతి దాంట్లో నిలబడేందుకూ చోటుండదు. టికెట్టు మూడు రూపాయల లోపే. నర్సాపూర్‌లో పది నిమిషాలు ఆగుతుంది, అక్కడి టీ తాగకపోయినా నష్టం లేదు. దారి పొడవునా సార్ చెప్పిన పాఠమే గుర్తొచ్చింది. మధ్యయుగపు ఇంగ్లండులో ఒక ప్రభువు. పద్దెనిమిదేళ్లకే రాజు వెంట ఫ్రాన్సులో యుద్ధానికి వెళ్లాడు. ఒక కన్ను పోగొట్టుకున్నాడు, రెండేళ్లు శత్రువుల చెరలో మగ్గాడు, తిరిగొచ్చి మళ్లీ కత్తి పట్టాడు. చివరికి ఆ రాజు కొడుకే అనుమానించి కొలువు నుంచి వెళ్లగొట్టాడు. అయినా చచ్చేదాకా ఎదురు తిరగలేదు. అందుకే అతని సమాధి మీద పడుకున్న విగ్రహాన్ని చెక్కి, విశ్వాసానికి గుర్తుగా కాళ్ల దగ్గర కుక్కను పెట్టారు. ఆ మాట చెప్పేటప్పుడు సార్ పుస్తకంలోని బొమ్మను ఎత్తి చూపేవారు. ఆయనకూ అలాంటి రాయే ఉండాలని నేను ముచ్చటపడ్డాను. ఆ బొమ్మనే కాగితం మీద దించి, ఎల్దుర్తి రాతి పనివాడికి పంపాను.

తొమ్మిదిన్నరకు దిగి, చర్చి సమాధుల దగ్గరికి రమ్మని రిక్షా అతన్ని అడిగాను.

"కుక్క గోరీ కాడికా సారూ? అర్ధరూపాయి ఇయ్యుండ్రి."

"అట్లా అనకు. అక్కడున్నది మా సార్."

"నేను పెట్టిన పేరా? ఊరంతా గట్లనే అంటుండ్రు. మస్తు మంచి సారు. సచ్చినంక కాళ్లకాడ కుక్కను పండవెట్టిండ్రు. ఎవరికేం కోపముండెనో!"

సిగ్గుతో తల దించుకున్నాను. ఆ కోపిష్టివాణ్ని నేనేనని చెప్పలేకపోయాను. రాయి మీద చెక్కిన సార్ కోటు వేసుకుని పడుకుని ఉన్నారు. కుక్క చెవి ఒకటి ఎవరో పగలగొట్టారు.

సార్ ఇల్లు అక్కడికి దగ్గరే. సార్ భార్య జొన్నరొట్టె, టమాటా తొక్కు పెట్టింది. తింటూనే నేను ఇంగ్లండు ఆచారమంతా విప్పి చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"ఊరు నవ్వుతున్నదని కాదు బిడ్డా నేను కార్డు రాసింది" అని, బైబిల్లోంచి ఒక కాగితం తీసింది. నేను పంపిన బొమ్మే. "పనాయన కాడ అడిగి తెచ్చుకున్న. దొర పక్కన పండుకున్న ఈమె ఎవరు?"

"ప్రభువు భార్య."

"ఈమె మీద పెన్సిల్‌తోని అడ్డగీత కొట్టిందెవరు?"

"నేనే అమ్మా. రాయి ఇద్దరికి సరిపోదని పనివాడు ముందే రాశాడు."

"కుక్కకు సరిపాయె."

రొట్టె పక్కన పెట్టేశాను. తీయించేస్తాను, పెద్ద రాయి వేయిస్తాను అని ఏదేదో అన్నాను.

"నన్ను అడగకుండనే వేస్తివి. నన్ను అడగకుండనే తీస్తవా?" అని పళ్లెం ఎత్తుకుపోయింది. గుమ్మం దగ్గర ఆగి, ఆ దొర భార్య పేరేందని అడిగింది. నాకు తెలియదు. సార్ ఎన్నడూ చెప్పలేదు, మేమెన్నడూ అడగలేదు.

ఇంత దూరం వచ్చి చర్చిలోని రంగు అద్దాల కిటికీలు కూడా చూడబుద్ధి కాలేదు. ఐదింటి బస్సులో కూర్చుని నా మీద నేనే అసహ్యపడ్డాను. సార్ దగ్గర విశ్వాసం గురించి అంత నేర్చుకుని, నలభై ఏళ్లు ఆయనకు వండిపెట్టిన మనిషిని ఒక్క గీతతో కొట్టేశాను. మీరు మెదక్ వెళితే ఎండ ఉండగానే వెళ్లండి, కిటికీలు అప్పుడే బాగుంటాయి. సమాధుల వైపు వెళ్లి చెవి విరిగిన ఆ కుక్కను చూస్తే మాత్రం, సార్‌ను చూసి నవ్వకండి. ఆ రాయి వేయించింది నేను.